కల్పిత నాగరికతకు వారసత్వం కట్టడం ఎలా? మ్యాప్‌కి రంగు పూసే ముందు ఇది చదవండి

"మా కథలో ఒక పాత సామ్రాజ్యం ఉంది. అది ఎలా వ్యాపించింది, ఇప్పుడు దాని వారసత్వంగా ఏం మిగిలింది అనేది రాయడం చేతకావట్లేదు." నవలలు రాసేవాళ్లు, గేమ్‌లు తయారుచేసేవాళ్లు, బొమ్మల కథలు గీసేవాళ్లు కాస్త అటూ ఇటూగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికి విడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అందుకే పద్ధతంతా ఒకచోట పెడుతున్నాను.

ఇప్పటికే మ్యాప్ తెరిచి, పెద్ద ముక్కకు ఎర్రరంగు పూసి, "ఇదంతా వాళ్లదే" అని రాసుకుని ఉంటే ఆ కాగితం పక్కన పెట్టేయండి. మొదట్లో నేనూ అదే చేశాను. ఖండంలో సగం ఎరుపు. స్నేహితుడొకడు ఆ ఎరుపులో ఒక మూల వేలు పెట్టి, "ఇక్కడ జాలరి కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏ భాషలో తిడతాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కింద ఉన్నదంతా ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పడానికే.

కావలసినవి

- స్కేలు వేసిన మ్యాప్. బొమ్మ ఎంత వంకరగా ఉన్నా ఫర్వాలేదు గానీ, ఒక అంగుళం ఎన్ని కిలోమీటర్లో మాత్రం రాసి ఉండాలి.
- పెన్సిల్, రబ్బరు. రబ్బరుకే ఎక్కువ పని.
- ఊళ్ల పట్టికకు ఒక స్ప్రెడ్‌షీట్, లేదంటే గళ్ల కాగితం. నిలువు వరుసలు ఆరు: ఊరు, ఏ ఏట వచ్చారు, ముందటి ఊరి నుంచి ఎన్ని రోజుల దారి, అక్కడ ముందే ఎవరున్నారు, ఏం నిలిచింది, ఏం పోయింది.
- రెండు మూడు సాయంత్రాలు.

రాజుల వంశవృక్షం ఈ జాబితాలో లేదు. దానికి ఇప్పుడే తొందరలేదు.

1. మూడు ఆనవాళ్లు ఎంచుకోండి

మీ నాగరికతను దూరం నుంచి చూసి గుర్తుపట్టడానికి మూడే మూడు ఆనవాళ్లు పెట్టుకోండి: చేత్తో పట్టుకోగల వస్తువు ఒకటి, మాట ఒకటి, నడవడికలో కట్టుబాటు ఒకటి. పదిహేను పెట్టుకున్నారంటే ఊరూరా పదిహేనింటి గతి రాయాల్సి వస్తుంది. రెండో ఊరికే చేతులెత్తేస్తారు.

వస్తువు ఆర్భాటంగా ఉండక్కర్లేదు. సింధు నాగరికతను పట్టిచ్చేవి చెకుముకి రాతితో చేసిన ఘనాకారపు తూకంరాళ్లు. చిన్నవి ఒకదానికొకటి రెట్టింపవుతూ 1, 2, 4, 8, 16 నిష్పత్తిలో పెరుగుతాయి, ఎక్కువగా దొరికే రాయి 13.6 గ్రాముల దగ్గర తూగుతుంది. ఇటుకల ఎత్తు, వెడల్పు, పొడవు 1:2:4. ఉత్తర అఫ్గానిస్తాన్‌లో ఆమూ దరియా దగ్గరున్న షోర్తుగాయ్ ఎక్కడ, గుజరాత్‌లోని లోథల్ ఎక్కడ! అయినా రెండూ ఒకే నాగరికతకు చెందినవని చెప్పగలుగుతున్నది ఇలాంటి మామూలు వస్తువుల వల్లే. కిరీటాలూ కత్తులూ ఈ పనికి అంతగా రావు. రోజూ చేతిలో ఆడేదే దూరం పోతుంది.

నేను చేసిన ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకెళతాను. కరూవె అనే ఊరు, నది సముద్రంలో కలిసేచోట. అక్కడివాళ్లు ఉప్పు పండిస్తారు. వస్తువు: అంచు లోపల మూడు గీతలున్న మట్టి కొలగిన్నె. మాట: 'సెలమ', అంటే ఉప్పు. కట్టుబాటు: కొలిచేటప్పుడు కొనేవాడే గిన్నె పట్టుకోవాలి, అమ్మేవాడు ముట్టకూడదు.

2. ఎవరు కదిలారో, ఎందుకు కదిలారో తేల్చండి

"వాళ్లు విస్తరించారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. కదిలేది మనుషులు. వర్తకుడు ఇంకొకరి ఊళ్లోకి వెళతాడు. రైతు మెత్తటి నేల వెతుక్కుంటాడు. సైనికుణ్ణి దారులు కలిసేచోట దింపుతారు. పారిపోయినవాడు ఎవరికీ అక్కర్లేని చోట దాక్కుంటాడు. కదిలింది ఎవరనేదాన్ని బట్టే ఎక్కడ ఆగుతారు, వెనక ఏం వదులుతారు అన్నవి తేలిపోతాయి.

వర్తకుల సంగతి చూడండి. క్రీ.పూ. 19వ శతాబ్దం ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లోని అస్సూరు నగరపు వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని, సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల, ఇప్పటి టర్కీలో ఉన్న కానేష్‌కు వెళ్లి కాపురాలు పెట్టారు. అక్కడ 20,000కు పైగా మట్టిపలకలు దొరికాయి. అప్పులు, తగాదాలు, భార్యల ఉత్తరాలు. ఆ పలకలే లేకపోతే అక్కడ పరదేశీలు ఉండేవారని కనిపెట్టడం కష్టం, ఎందుకంటే ఇళ్లూ కుండలూ అన్నీ స్థానికుల పద్ధతిలోనే ఉన్నాయి. మీ వాళ్లు వర్తకులైతే, పరాయి ఊళ్లో తమ ఊరి గోపురాలు కట్టించకండి. అక్కడ మిగిలేది లెక్కలూ కొలతలే.

కరువుకు లేచినవాళ్ల దారి వేరు. గ్రీకుల థీరా దీవిలో ఏడేళ్లు వాన లేక, అన్నదమ్ముల్లో ఒకరిని చీటీ వేసి ఆఫ్రికా తీరానికి పంపారనీ, అలా సైరీన్ నగరం పుట్టిందనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. చీటీలో పేరొచ్చి వెళ్లినవాడు ఇంటి దేవుణ్ణి, ఇంటి మీద కోపాన్ని రెంటినీ మోసుకెళతాడు. అలాంటి ఊరి పండుగ ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

*హెచ్చరిక:* ఒక్కో దఫాకు ఒక్క కారణమే రాయండి. కరువూ, యుద్ధమూ, దేవుడి ఆజ్ఞా అన్నీ ఒకే ఏడాదిలో కుక్కితే చదివేవాడు దేన్నీ నమ్మడు.

3. దారి గీయండి, రోజులు లెక్కపెట్టండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఈ మెట్టు మీదే.

మ్యాప్ మీద ప్రాంతాలు గీయొద్దు, గీతలు గీయండి. మూలపట్నం నుంచి మొదటి మజిలీకి, అక్కడి నుంచి రెండోదానికి. ప్రతి గీత మీద రోజులు వేయండి. యంత్రాలు లేని లోకానికి ఈ అంకెలు సరిపోతాయి:

- కాలినడకన మంచి దారిలో: రోజుకు 25–30 కి.మీ.
- బరువున్న ఎద్దుబండి: 15–20 కి.మీ.
- ఏటికి ఎదురుగా, బరువుతో ఉన్న పడవ: 15–20 కి.మీ.
- గాలి అనుకూలిస్తే తెరచాప ఓడ: 100–150 కి.మీ. గాలి తిరగబడితే రేవులోనే కూర్చోవాలి.

ఇవి ప్రయాణపు లెక్కలు. కాపురాల లెక్క వేరు. వ్యవసాయం పశ్చిమాసియా నుంచి యూరప్ అంతటా పాకిన వేగం సగటున ఏడాదికి ఒక కిలోమీటరు. తండ్రి పొలం పక్కన కొడుకు పొలం, అంతే. కాబట్టి రైతులతో వందేళ్లలో ఖండం నింపేయాలనుకోవద్దు. సైన్యమైతే పదేళ్లలో ఖండం దాటగలదు గానీ, దాని వెనక మిగిలేవి పల్చగా చుక్కలు చుక్కలుగా ఉంటాయి. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో చనిపోయాడు. అరవై ఏళ్లు దాటాక అశోకుడు కాందహార్‌లో శాసనం చెక్కించాల్సి వచ్చినప్పుడు దాన్ని గ్రీకులోనూ అరామిక్‌లోనూ వేయించాడు. అంటే అక్కడ గ్రీకు చదివేవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట. ఆ నగరంలో ఉన్నారు. చుట్టుపక్కల కొండల్లో గొర్రెలు కాసేవాడికి అది వచ్చని మాత్రం రాయకండి.

విరామాలు కూడా పెట్టండి. తైవాన్ వైపు నుంచి బయలుదేరిన ఆస్ట్రొనేషియన్ నావికుల సంతతి క్రీ.పూ. 800 నాటికే టోంగా, సమోవాలకు చేరింది. తర్వాత వెయ్యేళ్లకు పైగా తూర్పుకు కదల్లేదు. మళ్లీ ఊపందుకుని న్యూజిలాండ్ చేరేసరికి క్రీ.శ. 13వ శతాబ్దం. మీ టైమ్‌లైన్‌లో కూడా ఎక్కడో ఒకచోట "వందేళ్లు ఏమీ జరగలేదు" అని ఉంటే బాగుంటుంది. ఎందుకు ఆగారన్న ప్రశ్నలోంచే సగం కథలు పుడతాయి.

నా కరూవె లెక్క ఇలా వచ్చింది. మొదటి మజిలీ లింత, ఏటి వెంట 120 కి.మీ., పడవలో వారం. దోమిర 310వ కిలోమీటరు దగ్గర, అంటే బయలుదేరిన 18 రోజులకు. అక్కడితో పడవదారి సరి. ఆపైన 110 కి.మీ. కొండదారి, మోతపశువులతో ఇంకో ఎనిమిది రోజులు, అప్పుడు ఆస్తెన. అన్నీ కలిపితే 26 రోజులు. దిగేటప్పుడు ఏరు సాయం చేస్తుంది కాబట్టి సగం రోజులు చాలనుకోండి. అయినా ఆస్తెనలో హత్య జరిగి "ఏం చేయమంటారు?" అని కబురంపితే, తీర్పు వచ్చేసరికి నలభై రోజులు. అన్నాళ్లు ఎవరాగుతారు? వాళ్లే తీర్పు చెప్పుకుంటారు. రెండు తరాలు గడిచాయంటే ఆస్తెనకు సొంత ధర్మశాస్త్రం ఉన్నట్టే. ఈ సంగతిని నేను కల్పించలేదు, రోజుల లెక్కే తెచ్చిచ్చింది.

*ప్రత్యామ్నాయం:* మీ లోకంలో ఎగిరే జంతువులో, మంత్రద్వారాలో ఉన్నాయా? అయినా లెక్క వేయాల్సిందే. వాటిని ఎంతమంది వాడగలరు, ఎంత బరువు మోయగలవు అని అడగండి. కబురు ఎగిరి వెళ్లి, బియ్యం నడిచి వెళ్లే లోకం మంచి లోకం.

4. ముందే ఉన్నవాళ్లను పిలవండి

ఖాళీ నేల అరుదు. పట్టికలో నాలుగో గడిని "ఎవరూ లేరు" అని నింపుతూ పోతుంటే ఆగండి. ప్రతి ఊళ్లో స్థానికులను మూడు ప్రశ్నలడగండి. కొత్తవాళ్ల దగ్గర ఏం తీసుకున్నారు? ఏం వద్దన్నారు? ఏది తీసుకుని తమకు తగ్గట్టు వంచుకున్నారు?

యుద్ధం లేకుండా కూడా వారసత్వం వెళుతుంది. దక్షిణ భారతపు పల్లవ లిపి నుంచి కంబోడియాలోని ఖ్మేర్ లిపీ, పాత జావా లిపీ పుట్టాయి. అక్కడివాళ్లు ఆ అక్షరాల్లో తమ భాషనే రాసుకున్నారు. బోర్నియో తూర్పున కుతాయ్‌లో క్రీ.శ. 400 ప్రాంతపు యూపస్తంభాల (యజ్ఞం కోసం నిలిపిన రాతిస్తంభాల) మీద ఒక రాజవంశం కనిపిస్తుంది: తాత కుండుంగ, కొడుకు అశ్వవర్మ, మనవడు మూలవర్మ. తాతది స్థానికమైన పేరు, కొడుకు దగ్గరికి వచ్చేసరికి సంస్కృతం. నాగరికత వ్యాపించడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ మూడు పేర్లే చెబుతాను. మీరూ మీ అంచు ఊళ్లో ఒక కుటుంబం తీసుకుని మూడు తరాల పేర్లు రాయండి. పది పేజీల చరిత్ర కంటే ఎక్కువ పని చేస్తుంది.

5. అరగదీయండి

ఆనవాళ్లు కొత్తగా మెరుస్తూ ఉంటే వారసత్వం కాదు, సరుకు. ప్రతి వందేళ్లకోసారి మూడింటినీ తీసుకుని ఒక్కో మార్పు చేయండి.

*మాట:* ఒక ధ్వని సూత్రం పెట్టుకుని ఆ భాషలోని మాటలన్నిటికీ వర్తింపజేయండి. మన పాలు కన్నడలో హాలు, మన పులి హులి. పాత కన్నడలో అక్కడా 'ప'యే ఉండేది, తర్వాత 'హ' అయింది. మాటలు ఇలా వరసగా మారతాయి, ఎవరికి తోచినట్టు అవి మారవు. నా ఉదాహరణలో కొండల వైపు 'స' కాస్తా 'హ' అయింది, ఆ తర్వాత అదీ రాలిపోయింది: సెలమ, హెలమ, ఎల్మ. అర్థమూ జరిగింది. మొదట ఉప్పు, తర్వాత ఉప్పుగా ఇచ్చే కూలి, చివరికి ఇచ్చిన మాట. ఆస్తెనలో 'ఎల్మ తప్పినవాడు' అంటే మాట తప్పినవాడు. ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట మనకు ఉండనే ఉంది కాబట్టి, ఈ దారి తెలుగువాళ్లకు వింతగా తోచదు.

*వస్తువు:* పని పోయినా రూపం నిలుస్తుంది. ఉప్పు వ్యాపారం ఆగిపోయాక కూడా ఆస్తెనలో బిడ్డకు పేరు పెట్టే రోజున మూడు గీతల గిన్నెలో రెండో గీత దాకా నీళ్లు పోస్తారు. ఎందుకు రెండో గీతే? ఎవరికీ తెలీదు. పాఠకుడికి మాత్రం తెలుసు, అది కూలి కొలత.

*కట్టుబాటు:* కారణం మరిచిపోయి నియమాన్ని ఇంకా బిగించండి. కొనేవాడే గిన్నె పట్టాలన్నది, చివరికి అతిథి చేతికి ఇంటివాడు ఏదీ నేరుగా అందించకూడదు అన్నంత దూరం వెళ్లవచ్చు.

ఊరి పేర్లకు నాకు తెలిసిన మంచి నమూనా ఒకటుంది. ఫినీషియన్ భాషలో 'కర్త్ హదష్త్' అంటే కొత్త ఊరు. అదే ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజ్. కార్తేజ్ వాళ్లు స్పెయిన్‌లో పెట్టిన పట్నాన్ని రోమన్లు 'కర్తాగో నోవా' అన్నారు, అంటే కొత్త కొత్త ఊరు. అది అరిగి కార్తహేనా అయింది. స్పెయిన్ వాళ్లు 1533లో అదే పేరును కొలంబియా తీరానికి మోసుకెళ్లారు. మీ మ్యాప్‌లో ఇలాంటి పేరు ఒక్కటి చాలు.

6. మూలపట్నాన్ని కూల్చి, అంచులు ఏమయ్యాయో చూడండి

కేంద్రం పడిపోయినంత మాత్రాన అన్నీ ఒకేసారి పడవు. రోమ్ దాదాపు 370 ఏళ్లు ఏలిన బ్రిటన్‌లో లాటిన్ నుంచి పుట్టిన భాష ఒక్కటీ నిలవలేదు. అదే రోమ్ సుమారు 165 ఏళ్లు మాత్రమే పట్టుకున్న డేసియా నేల మీద ఇవాళ రుమేనియన్ మాట్లాడుతున్నారు. అది అక్కడే బతికిందా, దక్షిణం నుంచి మళ్లీ వచ్చిందా అని పండితులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు. అందుకే "ఎక్కువ ఏళ్లు ఏలితే ఎక్కువ వారసత్వం" అనే సూత్రం పెట్టుకోకండి. కనీసం ఒక ఊళ్లోనైనా లెక్క తప్పనివ్వండి.

ఒక అంచును పూర్తిగా ఆర్పేయండి కూడా. గ్రీన్‌లాండ్‌లో నార్స్ జనం, అంటే స్కాండినేవియా నుంచి వెళ్లినవాళ్లు, నాలుగు వందల ఏళ్లకు పైగా ఉన్నారు. వాళ్ల గురించి రాతలో మిగిలిన ఆఖరి సంఘటన 1408లో హ్వాల్సే చర్చిలో జరిగిన ఒక పెళ్లి. తర్వాత నిశ్శబ్దం. చివరి గుర్తు యుద్ధమో ప్రళయమో కాకుండా పెళ్లి కావడం చూశారా?

7. దొంగ వారసులను పెట్టండి

ఇది చిన్న మెట్టే, కానీ దాటేయొద్దు. పెద్ద పేరు పోయాక దాన్ని తగిలించుకునేవాళ్లు బయలుదేరతారు. 800లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ రోమన్ చక్రవర్తిగా కిరీటం పెట్టించుకున్నాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మద్ తానే రోమ్ సీజర్‌నన్నాడు. మాస్కో మూడో రోమ్ అనిపించుకుంది. మీ లోకంలోనూ ఇద్దరికి తక్కువ కాకుండా హక్కుదారులు ఉండాలి. ఇద్దరి దగ్గరా మూడు ఆనవాళ్లలో ఏదో ఒకటి తప్పుగా ఉండాలి. నా కథలో ఒక రాజు బంగారు కొలగిన్నె చేయించాడు, గీతలు నాలుగు పెట్టించాడు.

తరచూ జరిగే పొరపాట్లు

*జనాభా మాయ.* ఓడలో దిగింది రెండొందల మంది, యాభై ఏళ్లకల్లా లక్ష జనాభా ఉన్న మహానగరం. కుదరదు. పాతికేళ్లకోసారి రెట్టింపవడం అంటేనే చాలా వేగం. ఆ వేగంతో కూడా 200 మంది యాభై ఏళ్లకు 800, వందేళ్లకు 3,200, రెండొందల ఏళ్లకు 51,200. నగరం తొందరగా కావాలంటే స్థానికులను కలుపుకోండి. అప్పుడు నాలుగో మెట్టుకు మళ్లీ వెళ్లాలి, ఊరి రూపమే మారిపోతుంది.

*మారని వెయ్యేళ్లు.* "పదివేల ఏళ్లుగా అదే లిపి" అని గొప్పగా రాస్తుంటారు. ఈజిప్టు చిత్రలిపి మూడు వేల ఏళ్లకు పైగా నడిచింది నిజమే. కానీ తేదీ తెలిసిన ఆఖరి శాసనం దక్షిణ ఈజిప్టులోని ఫిలే గుడిలో క్రీ.శ. 394లో పడింది. ఆపైన చదవగలిగేవాళ్లే మిగల్లేదు, 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ గుట్టు విప్పేదాకా. పాత లిపిని హీరో గుడిలో అడుగుపెట్టగానే గడగడా చదివేస్తుంటే, ఎవరు నేర్పారో చెప్పండి.

*అన్నీ నిలవడం.* పట్టికలో "ఏం పోయింది" వరుస ఖాళీగా ఉంటే పని పూర్తికానట్టే. ప్రతి ఊళ్లో కనీసం ఒకటి పోవాలి.

*నోరు తిరగని పేర్లు.* పరాయితనం కోసం హల్లుల మీద హల్లులు పేర్చకండి. పైకి చదివినప్పుడు మీకే తడబాటు వస్తే, పాఠకుడు ఆ పేరు చదవడు, దాటేస్తాడు.

సరిచూసుకోవడం

మొదటి పరీక్ష, వేలు పరీక్ష. మ్యాప్ మీద కళ్లు మూసుకుని వేలు పెట్టండి. ఆ చోట ఏ ఆనవాలు ఎలా ఉందో చెప్పి, ఒక్కో మజిలీ వెనక్కి నడుచుకుంటూ మూలపట్నం దాకా వెళ్లండి. మధ్యలో "ఎలాగో వచ్చింది" అనాల్సి వస్తే అక్కడ గొలుసు తెగినట్టు.

రెండోది బాటసారి పరీక్ష. మూలపట్నంవాణ్ణి ఒకణ్ణి అంచు ఊళ్లో దింపి అరపేజీ రాయండి. వాడికి ఒకటి తెలిసినట్టు, ఒకటి తెలిసీ తెలియనట్టు, ఒకటి ఒళ్లు మండేట్టు అనిపించాలి. మూడూ తెలిసినట్టే ఉంటే అయిదో మెట్టు చేయలేదని అర్థం. ఏదీ తెలియకపోతే మరీ ఎక్కువ చేశారు.

మూడోది సరుకు పరీక్ష. వస్తువును దేనితో చేస్తారో అది ఆ ఊళ్లో దొరుకుతుందా? నా పని బెడిసింది ఇక్కడే. అన్నీ సరిపోయాయనుకుని చూస్తే, ఆస్తెన చుట్టూ రాతికొండలని మ్యాప్‌లో నేనే గీసుకున్నాను. బంకమట్టి లేదు. మట్టిగిన్నె ఎక్కడిది? మొదట కింది నుంచి తెప్పిద్దామనుకున్నాను. ఎనిమిది రోజుల కొండదారి గుర్తొచ్చింది, పైకి చేరేసరికి సగం పెంకులే. చివరికి గిన్నెను చెక్కతో చేయించాను. చెక్క మీద గీత గీస్తే అరిగిపోతుంది కాబట్టి మూడు గంట్లు పెట్టించాను. ఇప్పుడు ఆస్తెనలో పసిబిడ్డ పేరు అడగాలంటే "మీ వాడిది ఏ గంటు?" అంటారు. కింద కరూవెలో ఆ మాట ఎవరికీ అర్థం కాదు.